అన్న కట్టిన క్రేన్

జూన్ 9, ఆదివారం

బాపు షెడ్డులో పడ్డాడు. బోరు మోటారును నేల మీది నుంచి బండ మీదికి ఎత్తబోయాడట. అది కాళ్ల మీద పడలేదు. నేను వెళ్లేసరికి వెల్లకిలా పడుకుని పైకప్పు రేకుల వైపు చూస్తున్నాడు.

"లేపకు బిడ్డా. జరసేపు గిట్లనే ఉండనియ్యి."

పక్కన నేల మీద కూర్చున్నాను. రేకులకున్న చిల్లులు ఇద్దరం చూశాం.

అవ్వ వచ్చి మొత్తుకుంది. "గనిల ఇరగ్గొట్టుకున్న నడుము సాలదా? సిక్కు లీవుల ఉన్నోనివి, సక్కగ మంచంల పండరాదు?"

"పండుకుంటే నడుమే గాదు, మనిషే పోతడు," అన్నాడు బాపు.

అన్న షెడ్డు తలుపు దగ్గరికి వేసి వచ్చి, "ఎవలన్న సూసిండ్రా?" అని అడిగాడు.

జూన్ 10

అవ్వ కొండగట్టు అంజన్నకు ముడుపు కట్టింది. గనివాళ్ల మెడికల్ బోర్డులో బాపు అన్‌ఫిట్ అని తేలాలి. తేలితే ఆ ఉద్యోగం అన్నకు వస్తుంది. రిటైర్మెంటు దగ్గర పడితే ఇక రాదు.

మొగుడి ఆరోగ్యం కోసం కట్టిన ముడుపుల గురించి విన్నాను. ఇలాంటిది ఇదే మొదలు. అవ్వ మాత్రం ఎప్పటిలాగే కళ్లు మూసుకుని, పెదవులు కదిలిస్తూ, శ్రద్ధగా కట్టింది.

జూన్ 11

పక్కింటి లింగవ్వ పెద్దమ్మ వచ్చింది. "ఇప్పుడు ఆడివిల్లలకు గూడ ఇస్తుండ్రట గదనే స్వరూపా, గనిల కొలువు? మీ జమున డిప్లొమా సదివింది గద?"

అవ్వ "చాయ్ తాగుతవా అక్కా?" అంది.

పెద్దమ్మ తాగింది.

ఉద్యోగం అన్నకే రావాలి. అన్న ఇంటర్ తప్పాడు, ఆటో నడుపుతున్నాడు. నాకు ఏఈ పరీక్ష ఉంది. నాకు అది అవసరం లేదు.

జూన్ 12

బాపు పడుతున్నది చేత్తో ఎత్తబోయి. చేత్తో ఎత్తే పని లేకపోతే పడడు.

డిప్లొమా పుస్తకం తీసి బొమ్మ గీశాను. అటూ ఇటూ రెండు కాళ్లు, నిచ్చెన విప్పి నిలబెట్టినట్టు. వాటి మీద అడ్డంగా ఒక గడ్డర్. గడ్డర్ మీద నడిచే చక్రాల ట్రాలీ. ట్రాలీకి చైన్ కప్పీ. గొలుసు లాగితే బరువు లేస్తుంది. కాళ్ల కింద కూడా చక్రాలు పెడితే, లేపిన దాన్ని షెడ్డులో ఎక్కడికైనా తోసుకుపోవచ్చు. బరువంతా ఇనుమే మోస్తుంది. బాపు గొలుసు లాగితే చాలు.

బాపు బొమ్మను చాలాసేపు చూశాడు. ముప్పై ఏళ్లు గడ్డర్ల కింద పనిచేసిన మనిషి.

"నాకు ఇనుమంటే నమ్మకం లేదు బిడ్డా. గనిల కట్టె పెట్టినమనుకో, పైనుంచి బరువచ్చినప్పుడు అది సప్పుడు జేస్తది. టకటక అంటది. మేం ఉరుకుతం. ఇనుము ఏమనది. ఒక్కపారే మీదికస్తది."

"ఇనుము గూడ వంగుతది బాపు. చూసుడు తెల్వాలె."

"నువ్వు సూస్తవా?"

"చూస్త."

అన్నకు చెప్పాను. ఒప్పుకుంటాడనుకోలేదు. "మంచిదే గద. బోర్డు అయ్యేదాక ఆయన మీద బరువు పడది," అన్నాడు. తర్వాత తనే నవ్వాడు. "కని మరీ మంచిగ గావద్దు. నా కొలువు పోతది."

బాపు కూడా నవ్వాడు.

జూన్ 16, ఆదివారం

అన్న ఆటోలో మంచిర్యాల పోయాం, పాత ఇనుము దుకాణానికి. నేను దిగలేదు. లోపల అందరూ మగవాళ్లే, గట్టిగా మాట్లాడుకుంటున్నారు. అన్న వెళ్లి అడిగి, మళ్లీ ఆటో దగ్గరికి వచ్చి నన్ను అడిగి, మళ్లీ వెళ్లాడు.

"ఆరంగులాలది ఉన్నదట. సాల్తదా?"

"సాల్తది. పొడుగు పదడుగులు. పైరెక్క, కిందిరెక్క తుప్పు తిన్నయేమో చూడు."

"ఎట్ల సూడాలె?"

"గోరుతోని గీకు. పెచ్చులు లేస్తె వద్దను."

వెళ్లి గీకాడు. దుకాణపాయన గొంతు బయటిదాకా వినిపించింది. "ఏం తమ్మీ, ఇంజనీరువా?"

"గట్లనే అనుకోరాదు," అన్నాడు అన్న.

ఆటోలోకి వచ్చి కూర్చున్నాక ఇద్దరం ఒకటే నవ్వు. దారంతా నవ్వాం. "మదర్ సుపీరియర్, ఇంకేం దెమ్మంటవో చెప్పు తల్లీ" అన్నాడు. కాన్వెంటులో చదివినందుకు నాకు అన్న పెట్టిన పేర్లలో ఇదొకటి.

అన్న మంచివాడు.

జూన్ 24

వెల్డింగు మొదలైంది. ఓంప్రకాశ్ అనే అతను భైంసా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడట. మంచి చెయ్యి. నేను వంటింటి కిటికీ దగ్గర నిలబడి చూస్తున్నాను. ఏదైనా తప్పుతున్నట్టు అనిపిస్తే అన్నను పిలుస్తాను, అన్న వెళ్లి చెప్తాడు.

"బాస్, గీ కాలు ఇంకింత ఎడం బెట్టాల్నా?" అని అడుగుతాడు అతను.

"ఉండు, జర ఆలోచన జేస్త," అని అన్న నీళ్లు తాగే వంకతో వంటింట్లోకి వస్తాడు.

స్కూల్లో నాకు వచ్చిన ఒకే ఒక బహుమతి సత్ప్రవర్తనకు. ఎక్కువ మాట్లాడనివాళ్లకు ఇచ్చేవాళ్లు.

జూలై 2

గడ్డర్ ఎక్కింది.

జూలై 3

ఊగుతోంది. ముందుకూ వెనక్కూ గట్టిగానే ఉంది, గడ్డర్ పొడుగునా తోస్తే మాత్రం రోగంతో ఉన్న బర్రె లేవబోయినట్టు ఊగుతుంది. తప్పు నాదే. కాలికీ గడ్డర్‌కూ మధ్య మూలలో ఏటవాలు పట్టీ ఉండాలి. బొమ్మలో మరిచిపోయాను.

అన్న నన్ను ఏమీ అనలేదు. ఓంప్రకాశ్ మాత్రం అన్నను అన్నాడు. "మర్చిపోయినవా బాస్? నీ దిమాక్ ఏడుందో ఏమో. పెండ్లి సంబంధం గిట్ల వచ్చిందా?"

రెండు మూలలకూ పట్టీలు వేయించాం. ఇప్పుడు కదలడం లేదు.

జూలై 7, ఆదివారం

ఈ రోజు సంగతి మొత్తం రాయాలి.

ఇసుక నింపిన రెండు డ్రమ్ములు తీగతో కలిపి కట్టాం. టన్నుకు కాస్త తక్కువ. నిచ్చెన ఎక్కి గడ్డర్ పైన ఈ చివరి నుంచి ఆ చివరికి దారం బిగించి కట్టాను. దారం ఇనుమును ఆనుకుని ఉంది. "మూడు మిల్లీమీటర్లు దిగుతది, బరువు దించినంక మల్ల పైకి వస్తది" అని బాపుకు ముందే చెప్పాను. దిగకపోతే నా లెక్క తప్పు. దిగి పైకి రాకపోతే గడ్డర్ పనికిరాదు.

గొలుసు బాపే లాగాడు. కూర్చునే లాగాడు, స్టూలు మీద. ఒక చేత్తో. డ్రమ్ములు నేలను వదిలాయి. అవ్వ వాకిట్లో నిలబడి కొంగు నోట్లో పెట్టుకుంది.

"ఎంతున్నది బిడ్డా?"

దారం కింద సందు వచ్చింది. రూపాయి బిళ్లలు రెండు కలిపి దూర్చాను. సరిగ్గా పట్టాయి.

"రెండు బిళ్లలు, బాపు."

"నువ్వు జెప్పిందే?"

"నేను చెప్పిందే."

దించాడు. సందు పోయింది. దారం మళ్లీ ఇనుమును ఆనుకుంది. బాపు లేచి, నిచ్చెన దగ్గరికి వచ్చి, రెండు మెట్లు ఎక్కాడు. అవ్వ అరుస్తూనే ఉంది. తల ఎత్తి దారం వైపు చూశాడు. తనకు కనిపించదు. అయినా చూశాడు.

"ముప్పై ఏండ్లు గీని కింద దిరిగిన. వంగి మల్ల లేస్తదని ఎవడు చెప్పలే నాకు."

కిందికి దిగాక నా తల మీద చెయ్యి పెట్టాడు. గ్రీజు చెయ్యి. తలస్నానం చేసినా వాసన పోలేదు. ఇంకా ఉంది.

జూలై 15

పని వస్తోంది. మోటార్లు, ఒక పిండి మర, ఒక గేరుబాక్సు. బాపు రోజూ పొద్దున్నే షెడ్డులో ఉంటున్నాడు. ఈల వేస్తున్నాడు. బాపుకు ఈల వచ్చని నాకు తెలియదు. అవ్వకు కూడా గుర్తు లేదట.

నేను గుడ్డతో బోల్టులు తుడుస్తాను. బయటివాళ్లు వస్తే లోపలికి వస్తాను.

జూలై 21, ఆదివారం

లక్ష్మీరాజం అని ఒక రైతు ట్రాక్టరు తెచ్చాడు. బాపు ఇంజను విప్పి, కొక్కెం తగిలించి, పైకి లేపాడు. లక్ష్మీరాజం చూసి ఆగలేకపోయాడు.

"అరె గట్టన్నా! నడుము పోయిందని సిక్కుల ఉండి ఏనుగును లేపుతున్నవేందే?"

"నేనేడ లేపిన పటేలా? గది లేపుతుంది."

"నిలబడు నిలబడు. గొలుసు పట్టుకో. నవ్వు జర!"

ఫోటో తీశాడు. ఇంజను గాలిలో ఉంది, దాని పక్కన బాపు. నాకు కూడా చూపించమని బాపు అతన్ని వాకిట్లోకి పంపాడు. మంచి ఫోటో. అంతగా నవ్విన బాపు ఫోటో మా ఇంట్లో ఇంకొకటి లేదు.

జూలై 22

లక్ష్మీరాజం ఆ ఫోటోను వాట్సాప్‌లో స్టేటస్ పెట్టాడు. కింద "గని కార్మికుడి దమ్ము" అని రాశాడు. పొగుడుతూనే పెట్టాడు.

జూలై 25

ఎవరో దాన్ని ఆఫీసుకు పంపారు. "గీయన అన్‌ఫిటా?" అని రాసి మరీ పంపారట. బోర్డుకు ముందే ఇంటికి వచ్చి విచారణ చేస్తారని యూనియన్ ఆయన అన్నకు ఫోన్ చేశాడు.

అన్న బాపును తిట్టలేదు. షెడ్డు మధ్యలో నిలబడి క్రేన్‌ను కాలితో తన్నాడు. కాలికే దెబ్బ తగిలింది. అవ్వ పసుపు పెడుతుంటే ఏడ్చాడు. ఇరవై ఏడేళ్లవాడు.

"ఆటో నడిపి సస్త ఇగ. గంతే నా బతుకు."

బాపు గోడ వైపు చూస్తూ అన్నాడు. "కోసెయ్యుండ్రి. ఇనుము దుకాణంల ఏసెయ్యుండ్రి. లేనేలేదని చెప్పుదాం."

నేను అన్నం వడ్డించాను.

జూలై 26

ఓంప్రకాశ్ గ్యాస్ కట్టర్ తెచ్చాడు. నేను షెడ్డులోకి వెళ్లి క్రేన్ కాలు పట్టుకుని నిలబడ్డాను. అతను పరాయివాడని ఆ క్షణంలో గుర్తు రాలేదు. "వద్దు" అన్నాను.

ఓంప్రకాశ్ నన్ను చూసి, అన్నను చూసి, కట్టర్ కింద పెట్టాడు. "చెల్లె గూడ వద్దంటుంది. ఏంది బాస్, నువ్వు గంత సోంచాయించి కట్టినవు, నీ చేతులతోనే కోపిస్తవా? నాకైతే మనసొప్పుతలేదు."

అన్న ఏదో అనబోయి ఆగాడు.

తర్వాత అతన్ని పంపించేశాడు.

"జమునా, గిది నేను కట్టిన," అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"నేనే కట్టిన. నా మెకానిక్ పని కోసం. షెడ్డు నాది, పని నాది. బాపు ఊకె గొలుసు పట్టుకుని ఫోటో దిగిండు. మంచిర్యాల దుకాణపాయన్ను అడగుమను, ఓంప్రకాశ్‌ను అడగుమను. అందరు నన్నే చెప్తరు. అబద్ధం గూడ గాదాయె వాళ్లకు."

అవ్వ చేతులు జోడించి కొండగట్టు దిక్కుకు దండం పెట్టింది.

కొయ్యలేదు. అదే నాకు కావలసింది.

జూలై 28, ఆదివారం

విచారణకు రేపు వస్తారు. మధ్యాహ్నమంతా అన్నకు చెప్పాను. క్రేన్ కింద చాప వేసుకుని కూర్చున్నాం. బాపు మంచం కూడా షెడ్డు గుమ్మంలోనే ఉంది.

"మూలకు గీ ఏటవాలు పట్టీ ఎందుకు?" అని నేను అడగాలి.

"బలం కోసం."

"ఎటు దిక్కు బలం?"

"అన్ని దిక్కుల."

"కాదన్నా. గడ్డర్ పొడుగున ఊగకుండ. గడ్డర్ బరువుకు ఎంత దిగుతది?"

"దిగది."

"దిగుతది. మూడు మిల్లీమీటర్లు."

"దిగుతదని చెప్తె వాళ్లు భయపడరానే?"

"తెలిసినోళ్లు దిగదంటెనే భయపడ్తరు."

బాపు మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోలేదు. నిద్రపోతే గురక పెడతాడు.

సాయంత్రం చాయ్ తాగుతున్నప్పుడు, "నేనే చెప్పనా వాళ్లకు?" అన్నాను. "నేను కట్టిన అని. నాకు డిప్లొమా ఉన్నది. బాపు కోసమే కట్టిన, ఆయన ఎత్తలేకనే కట్టిన అని. నిజమే గద."

అవ్వ చాయ్ గ్లాసు కింద పెట్టింది. "నువ్వా? పాలాయన వస్తేనే లోపలికి ఉరుకుతవు!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అన్న తర్వాత మెల్లగా చెప్పాడు. "ఆడివిల్ల కట్టిందంటె ఎవలు నమ్ముతరే? బాపే కట్టి బిడ్డ పేరు చెప్తుండనుకుంటరు. ఇగ అన్‌ఫిట్ అయినట్టే." అది నిజం. నేను ఆలోచించాను. అది నిజమే.

"నువ్వు మస్తు చెప్తవు. టీచరువు కారాదు?" అన్నాడు.

జూలై 29

ఇద్దరు వచ్చారు. ఒకాయన ముసలాయన, కళ్లద్దాలు. రెండో ఆయన ఎక్కువగా ఫోటోలు తీశాడు. బాపును మంచం మీది నుంచి లేచి నడవమన్నారు. బాపు నడిచాడు. నటించలేదు. పొద్దున్నుంచి ఏమీ తినలేదు, నడుము నిజంగానే పట్టేసింది.

తర్వాత షెడ్డులోకి వెళ్లారు. నేను గుమ్మం ఇవతల నిలబడ్డాను.

"ఇది ఎవరు కట్టారు?"

"నేనే సార్. ప్రేమ్‌సాగర్, కొడుకును."

"ఏం చదివావు?"

"ఇంటర్ ఫెయిల్ సార్. యూట్యూబుల జూసి నేర్సుకున్న."

ముసలాయన చుట్టూ తిరిగి చూశాడు. మూల పట్టీ మీద తట్టి, "ఇదెందుకు పెట్టావు?" అన్నాడు.

అన్న తప్పు చెప్పాలని అనుకున్నానా? లేదు. అలా ఎందుకు అనుకుంటాను.

"గడ్డర్ పొడుగున ఊగకుంట సార్. మొదాలు మర్చిపోయిన. ఊగింది. గప్పుడు బెట్టిన."

ముసలాయన ముఖం వెలిగిపోయింది. "చూశారా? చేసినవాడే ఈ మాట చెప్పగలడు. పుస్తకం చదివినవాడు మర్చిపోయానని ఒప్పుకోడు."

నేను మర్చిపోయింది కూడా అన్నే తీసుకున్నాడు.

చాయ్ తీసుకెళ్లాను. ముసలాయన మంచివాడు, నవ్వుతూ మాట్లాడాడు. "నువ్వేం చదువుకున్నావమ్మా?"

"డిప్లొమా. మెకానికల్."

"అట్లనా! ఇంట్లోనే ఇంత మంచి మెకానిక్ ఉన్నాడు. అన్నను చూసి నేర్చుకో తల్లీ."

"సరే సార్" అన్నాను.

జూలై 30

ఏమీ లేదు.

ఆగస్టు 14

అన్‌ఫిట్.

అవ్వ ఏడ్చింది, సంతోషంతో. లింగవ్వ పెద్దమ్మ వాళ్లింటికి, ఆ వెనక వీధికి, అందరికీ బాలుషాలు పంచాం. కొందరు "శుభం, గట్టన్న అన్‌ఫిట్ అయిండట" అంటూ తీసుకున్నారు. బాపు చేతికి కూడా అవ్వ ఒకటి ఇచ్చింది. సగం తిని, మిగిలింది నాకిచ్చాడు.

ఆగస్టు 25, ఆదివారం

మొక్కు తీర్చడానికి కొండగట్టు పోయాం, ఇంటిల్లిపాదీ. బాపు మెట్లు ఎక్కలేనన్నాడు, కింద ఆటోలోనే ఉండిపోయాడు. జూలైలో నిచ్చెన ఎక్కినవాడు.

ఏఈ పరీక్ష కూడా ఈ రోజే పడింది. మళ్లీ వస్తుంది. మొక్కు ఆపకూడదని అవ్వ అంది.

అక్టోబర్ 3

అన్న డ్యూటీకి ఎక్కాడు. గని లోపలికి కాదు, పైన వర్క్‌షాపులో. ఆ ముసలాయన మాట చెప్పాడట, "చేతిలో పని ఉన్న పిల్లవాడు" అని.

మొదటి రోజు వచ్చి నాకు చుడీదారు గుడ్డ ఇచ్చాడు. ఎర్రది. "నీ పుణ్యమే చెల్లె. ఒకనాడు అందరికి చెప్త నేను. జర కుదురుకోనియ్యి." అన్న కళ్లు తడి అయ్యాయి. మనసులో మాటే అన్నాడు, అబద్ధం చెప్పలేదు.

ఎరుపు నాకు నప్పదు. కుట్టించుకుంటాను.

అక్టోబర్ 20, ఆదివారం

షెడ్డు ఊడ్చాను. చైన్ కప్పీకి నూనె పెట్టాను. బాపును పిలిచాను.

"ఇప్పుడు ఎవలు చూస్తరు బాపు? కొలువు వచ్చేసింది. మోటారు ఒకటి వచ్చి వారమైంది, లక్ష్మీరాజం వాళ్లది."

"నాతోని కాదు బిడ్డా."

"గొలుసు లాగుడే గద."

"అన్‌ఫిట్ అని రాసిండ్రు గద," అన్నాడు. ఆ ఇంగ్లీషు మాటను చాలా జాగ్రత్తగా పలికాడు. "డాక్టర్లు ముగ్గురు కూసోని రాసిండ్రు. వాళ్లకు తెల్వదా?"

మంచం మీద పడుకున్నాడు. ఈల వేయడం మానేసి ఎన్నాళ్లయిందో నేను గమనించలేదు.

మోటారును నేనే లేపాను. ఒక్కదాన్నే. కష్టం కాలేదు. ఎవరూ చూడలేదు. విప్పి చూస్తే బేరింగు పోయింది. కొత్తది వేసి బిగించాను. లక్ష్మీరాజం వచ్చి "ప్రేమ్‌సాగర్ డ్యూటీ జేసుకుంట గూడ మస్తు జేసిండు" అని తీసుకుపోయాడు.

నవంబర్ 10, ఆదివారం

లక్ష్మీరాజం ఒకాయనను వెంటబెట్టుకుని వచ్చాడు. భైంసాలో పత్తి జిన్నింగు మిల్లు ఉందట. పెద్ద మనిషి, తెల్ల లాల్చీ. మిల్లులో మిషన్లు లేపడానికి ఇలాంటి క్రేనే కావాలట. ఈ రోజు అన్నకు డ్యూటీ. బాపు మంచం మీద కూర్చున్నాడు. నేను వంటింట్లో ఉన్నాను.

"ఎవరు కట్టిండ్రు ఇది?" అని అడిగాడు ఆయన.

"మా పిలగాడు సార్. ప్రేమ్‌సాగర్," అన్నాడు బాపు.

బోర్డు ఎప్పుడో అయిపోయింది. విచారణ లేదు. ఆఫీసువాళ్లు లేరు. భైంసా ఆయనకు ఎవరు కట్టారన్నదానితో పని లేదు. అబద్ధం చెప్పాల్సిన అవసరమే లేదు.

"ఒక్కడే కట్టిండు సార్. ఎవల సాయం లేదు. సదువు గూడ లేదు. చిన్నప్పటి నుంచి గంతే వాడు, చేతిల పని ఉన్నది." గొంతులో గర్వం. నేను విన్నాను. నిజంగా గర్వం.

చాయ్ పొంగింది. దించాను.

"మాకు పెద్దది గావాలె," అన్నాడు భైంసా ఆయన. "పదిహేనడుగులు. మూడు టన్నులు లేవాలె. మా దగ్గర గిట్లాంటి ఆరంగులాల గడ్డర్లే పడి ఉన్నయి. పొడుగు జేసి పెడితే ఆగుతదా?"

బాపు గడ్డర్ వైపు చూశాడు. కిటికీలో ఉన్న నా వైపు చూడలేదు.

"ఎందుకాగది సార్? గనిల కొండనే ఆపుతది గది. ఆగుతది."

"ఇగ ఫికర్ లేదు. రేపే పని మొదలువెట్టిపిస్త."

నేను గుమ్మంలోకి వచ్చాను. చేతిలో చాయ్ పళ్లెం ఉంది.

"ఆగది," అన్నాను.

ముగ్గురూ నా వైపు తిరిగారు.

"ఎవరు?" అన్నాడు ఆయన, బాపును చూస్తూ.

"మా బిడ్డ సార్. పరీక్షలకు సదువుకుంటది." బాపు నవ్వబోయాడు. "నువ్వు లోపలికి వో బిడ్డా."

"పదిహేనడుగులకు, మూడు టన్నులకు ఆరంగులాలది ఆగది," అన్నాను. "వంగి మల్ల లేవది. మనుషులు కింద ఉంటరు. పదంగులాలది గావాలె. కాళ్లు గూడ గిట్లాంటివి పనికిరావు."

ఆయన కనుబొమ్మలు ముడిచాడు. లక్ష్మీరాజం నవ్వాడు. "అమ్మా, గిది నీ పుస్తకాల ముచ్చట గాదు."

భైంసా ఆయన ఫోను తీశాడు. మిల్లుకు చేస్తున్నట్టున్నాడు. "చిన్నపిల్ల, భయపడుతుంది," అన్నాడు, నవ్వుతూనే. బాపు తల దించుకున్నాడు. ఎవరు కట్టారో నాకు తెలుసు, బాపుకు తెలుసు.

ఫోను అవతల ఎవరో ఎత్తారు. "అరె, ఆ పాత గడ్డర్లు బయటికి తీయించు," అంటున్నాడు ఆయన.

"అన్న చెప్పిండు," అన్నాను.

ఆయన ఫోను చెవి దగ్గర నుంచి తీశాడు.

"ఏంది?"

"మా అన్న చెప్పిండు. పెద్దది ఎవలన్న అడిగితే ఆరంగులాలది పెట్టొద్దని చెప్పు అన్నడు. పదంగులాలదే పెట్టాలన్నడు."

"ప్రేమ్‌సాగర్ చెప్పిండా?"

"అవును సార్. అన్న చెప్పిండు."

"ముందుగాల్నే ఆ మాట చెప్పొద్దా అమ్మా," అని ఆయన లాల్చీ జేబులోంచి పెన్ను తీశాడు.